పెద్దప్రేగు క్యాన్సరు: కుడి యెడమల భేదము

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



పొలము పేరు చెప్పినంతమాత్రమున దస్తావేజు చెల్లదు. నాలుగు హద్దులును చెప్పవలెను. వ్యాధి విషయమును అట్టిదే. పెద్దప్రేగునకు క్యాన్సరు వచ్చినదని వినిన చాలదు. అది కుడివైపుననా, ఎడమవైపుననా, క్రింది మలాశయముననా యని తెలియవలెను.

గర్భస్థశిశువునందు ప్రేగు కుడిభాగము ఒక మూలమునుండియు, ఎడమభాగము వేరొక మూలమునుండియు ఏర్పడును. వానికి రక్తమిచ్చు ధమనులును వేరు. పుట్టుక వేరగుటచే రోగస్వభావమును కొంత వేరగుచున్నది.

కుడిభాగము వెడల్పు, అందలి మలము పలుచన. కంతి చాలకాలము అడ్డుపడకయే పెరుగును. రక్తము కొద్దికొద్దిగా కారి మలములో కలిసిపోవును, కంటికి కానరాదు. రోగి పాలిపోవును, నాలుగడుగులకే ఆయాసపడును. ఇంటివారు ముసలితనమని యూరకుందురు. ఎడమభాగము ఇరుకు, మలము గట్టి. కావున మలబద్ధము, విరేచనపు వాడుక మారుట, రక్తము కనబడుట తరచు ముందుగనే జరుగును. దానిని మొలలని సరిపెట్టుకొనువారు పెక్కురు.

ఇక ఫలితము. వ్యాధి ఇతరావయవములకు ప్రాకిన రోగులను గూర్చి అమెరికాలో జరిగిన యొక పరిశోధన లెక్కలు 2016లో వెలువడెను. ఎడమవైపు కంతిగలవారిలో సగముమంది సుమారు 33 నెలలకు మించి జీవించిరి. కుడివైపువారిలో సగముమంది 19 నెలలు మాత్రమే దాటగలిగిరి. సిటుక్సిమాబ్ వంటి మందులును, రాస్ జన్యువులలో మార్పులేని ఎడమవైపు కంతులకే యెక్కువ మేలు చేయుచున్నవి. కనుకనే వైద్యులు చికిత్సకు ముందు స్థానమును విచారింతురు.

అట్లని కుడివైపనగనే నిరాశ తగదు. 1985 జూలైలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగనుకు పెద్దప్రేగు మొదటిభాగమున, కుడివైపుననే, క్యాన్సరు కంతి బయటపడెను. ఇతరత్ర వ్యాపింపకముందే శస్త్రచికిత్సచే తీసివేసిరి. అటుపిమ్మట ఆయన దాదాపు 19 సంవత్సరములు జీవించి, 2004లో 93 ఏండ్ల వయస్సున మరణించెను. హద్దుకంటె అదను బలీయమని దీనివలన తెలియుచున్నది.

కావున ఇంటి పెద్ద అకారణముగా పాలిపోయినచో బలపుమందుతో సరిపుచ్చక రక్తపరీక్ష చేయింపుడు. మలమున రక్తము కనబడినచో సిగ్గుపడి దాచకుడు. వైద్యుడు గొట్టముతో ప్రేగును చూచెదనన్న వెనుదీయకుడు. కంటికి కనబడు రక్తము హెచ్చరించును. కనబడనిదానిని మనమే వెదకవలెను. ఈ గ్రంథాలయమున చదివినది ఒక్క యింటిలో ఒక్క ప్రాణము నిలిపినను, ఇరువదియైదేండ్ల దీపము వృథా కాలేదు.