కొలువులో కనబడని పక్షి

 



2014 అక్టోబరు 12వ తేదీని విశాఖవాసులెవరూ మరచిపోలేరు. బక్రీదు గడిచి ఆరు రోజులైనా కాలేదేమో అనిపించేంతలో హుద్‌హుద్ తుఫాను నగరంపై విరుచుకుపడింది. ఒమన్ దేశం సూచించిన ఆ పేరు ఒక పక్షిది. దాని ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో ఉంది. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) పక్షులను పరికించి, హుద్‌హుద్ లేకపోవడాన్ని గమనించారు. సరైన కారణం చూపకపోతే కఠినంగా శిక్షిస్తానన్నారు. కొద్దిసేపటికే అది వచ్చి, సబా దేశపు వార్త తెచ్చానని విన్నవించుకుంది. ఆయన దాని మాట ఆలకించారు. నిజానిజాలు తేల్చుకొనేందుకు దానిచేతనే లేఖ పంపారు.

అంత పెద్ద కొలువులో ఒక చిన్న పక్షి లేదన్న సంగతి ఏలిక కంటబడింది. మా సంగతి వేరు. ఒక మనిషి లేకపోయినా మాకు కనబడలేదు.

అప్పట్లో మేము గాజువాక వైపు ఒక మస్జిదులో ఇమామత్ చేసేవాళ్లం. ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక సోదరుడు ప్రతి జుమాకు వచ్చి చివరి సఫ్‌లో నిలబడేవారు. సలాం కాగానే చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయేవారు. ఎవరితోనూ రెండు మాటలు ఎక్కువ మాట్లాడగా చూడలేదు. గర్విష్ఠి అని కొందరనేవారు. ఒక శుక్రవారం మేము మింబరుపై నుంచి, మస్జిదును బస్టాండులా భావించి పరుగెత్తేవారి గురించి పరిహాసంగా ఒక మాట అన్నాము. జమాఅత్ నవ్వింది, కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. మరుసటి వారం నుంచి ఆయన రాలేదు. మేము ఆరా తీయలేదు.

తుఫాను వెళ్లిన మూడవ నాడు కరెంటు లేదు, కుళాయి నీరు లేదు. మంచినీటి ట్యాంకరు వద్ద బిందెలతో బారులు తీరాము. మా ముందు నిలబడినది ఆయనే. ఏం బాబూ, కనబడటం లేదేమని అడిగాము. చాలాసేపటికి, "ఆ రోజు మీరన్నది నన్నే కదా, హజ్రత్" అన్నారు. మాకు నోట మాట రాలేదు.

సోదరులారా! మితభాషులను, జనసమ్మర్దంలో అలసిపోయేవారిని నేడు అంతర్ముఖులంటున్నారు. ఆ స్వభావం నేరం కాదు. ఒక అన్సారీ తన సోదరుణ్ణి బిడియం ఎక్కువైందని మందలిస్తుండగా, దైవప్రవక్త (సఅసం) అతణ్ణి వదిలేయమని, హయా విశ్వాసంలో భాగమని బోధించారు. నూర్ సూరాలో ఇంటివారు వెళ్లిపొమ్మంటే నొచ్చుకోకుండా తిరిగి వెళ్లాలనే ఆదేశం ఉంది. తలుపు మూసుకొనే హక్కును ధర్మమే ఇచ్చింది. హజ్రత్ జైనబ్ (రజి) వలీమా నాడు కొందరు భోంచేసి కబుర్లలో పడి లేవనేలేదు. లేవండని చెప్పడానికి దైవప్రవక్త (సఅసం) సిగ్గుపడ్డారు. అప్పుడు అవతరించిన ఆయతు, భోజనం కాగానే వెళ్లిపొమ్మని అతిథులకు చెప్పింది. దావత్‌లలో త్వరగా లేచినవారినే మనం తప్పుపడతాము. కాని ఆయతు దిగింది లేవనివారి విషయంలో!

అయితే ట్యాంకరు కదిలే లోపల ఆయన మరో మాట చెప్పారు. కోక్ ఓవెన్ విభాగంలో తనతో పదేళ్లుగా కలిసి పనిచేస్తున్న మిత్రుని తల్లి నాలుగు నెలల క్రితం మరణించారు. "ఏం మాట్లాడాలో తెలియక నేను పోలేదు హజ్రత్. అప్పటి నుంచి అతను నాతో మాట్లాడటం లేదు."

ఇక్కడ మేము ఆయన పక్షం వహించలేకపోయాము. ముస్లింపై ముస్లింకు ఉన్న హక్కులుగా హదీసులో ఐదు వచ్చాయి: సలాముకు జవాబు, రోగి పరామర్శ, జనాజా వెంట నడవడం, ఆహ్వానాన్ని మన్నించడం, తుమ్మి అల్లాహ్‌ను స్తుతించినవాని కోసం దుఆ. వీటిలో వాగ్ధాటి అవసరమైనది ఒక్కటైనా ఉందా? జనాజాకు కాళ్లు, భుజం చాలు. రోగి దగ్గర ఎక్కువసేపు కూర్చోకపోవడమే మర్యాద. మాటలు రానివానికి కష్టం కాకుండానే ఈ హక్కులు ఏర్పడ్డాయి. ఇమామ్ గజాలీ 1095లో బగ్దాదు నిజామియా పీఠాన్ని విడిచి ఏళ్ల తరబడి ఏకాంతంలో గడిపారు. ఏకాంతపు మేలూ కీడూ రెండూ ఇహ్యాలో విస్తారంగా చర్చించారు. అంతటివారూ 1106లో నైషాపూరులో మళ్లీ పాఠం చెప్పడానికి వచ్చారు. ప్రజలతో కలిసి, వారి వల్ల కలిగే బాధను ఓర్చుకొనే విశ్వాసికే ఎక్కువ పుణ్యమని హదీసు ఉండగా, నా స్వభావమే ఇంత అని మనకు మనమే ఫత్వా ఇచ్చుకోలేము.

ఆ బారులోనే ఆయనను మేము క్షమాపణ కోరాము. ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి మిత్రుని ఇంటికి బయలుదేరాము. తాజియత్‌కు మూడు రోజులే గడువని ఫుఖహాలు చెప్పారు కదా అని దారిలో ఆయన సందేహించారు. మనం వెళ్తున్నది తాజియత్‌కు కాదు, మాఫీ అడగడానికన్నాము. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను దాటుకుంటూ చేరేసరికి మగ్రిబ్ అయింది. కొవ్వొత్తి వెలుగులో ఆయన అన్నది ఒకే మాట: "రావలసింది, రాలేదు." మిత్రుడు చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తరువాత లేచి లోపలికి వెళ్లి, పాలు దొరకలేదని చెబుతూ డికాక్షన్ టీ తెచ్చి ముందు ఆయనకే ఇచ్చాడు. పావుగంటలో లేచి వచ్చేశాము.

ఆ తరువాతి శుక్రవారం ఆయన వచ్చారు. మేము ఆ మస్జిదులో ఉన్నంత కాలం చివరి సఫ్‌లోనే నిలబడ్డారు, సలాం కాగానే వెళ్లిపోయారు. చెప్పులు తొడుక్కుంటూ మింబరు వైపు ఒకసారి చూసేవారు. మేము చెయ్యెత్తేవాళ్లం.