ఆధారం ముందు, అధ్యాయం తరువాత
ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్ర ప్రణాళిక గురించి ఒక పాత వాదన

(ధర్మనిధి స్మారకోపన్యాసం)



 ఈ ఉపన్యాసం ఎవరి స్మారకమో ఆ మాస్టారి విద్యాసేవ గురించి నాకంటే బాగా చెప్పగల శిష్యులు ముందు వరసలోనే ఉన్నారు. నేను ఆయన శిష్యుణ్ణి కాను. కొంతకాలం ఒకే స్టాఫ్‌రూంలో ఆయనకు ఎదురుగా కూర్చున్నవాణ్ణి. నాకు బాగా గుర్తున్నవి రెండు సంగతులు. ఏ పటమూ చూడకుండా ఆయన బోర్డు మీద పెన్నానది గీసేవారు. నంది కొండల దగ్గర మొదలుపెట్టి, నెల్లూరు దాటి సముద్రంలో కలిసేదాకా ఒకే గీత. ఆ తరవాత చిత్రావతి, కుందు, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు ఒక్కొక్కదాన్నే తెచ్చి కలిపేవారు. ఇక రెండోది: ప్రణాళిక విషయంలో ఆయన నాతో ఒక్కనాడూ ఏకీభవించలేదు. "తొమ్మిదో తరగతి పిల్లవాడికి శాసనాలూ రిజిస్టర్లూ ఎందుకయ్యా, వాడి స్థాయేమిటి?" అనేవారు. ఆ వాదన మా మధ్య తేలకుండానే ఆయన వెళ్లిపోయారు. ఆయన పేరిట ఉన్న వేదిక మీద దాన్ని మళ్లీ ఎత్తుకుంటున్నాను. ఆయన అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పడమే ఆయనకు నేను ఇవ్వగల గౌరవం.

1

అందరికీ తెలిసిన విషయాలను త్వరగా దాటేస్తాను. వార్షిక పథకం, యూనిట్ పథకం, పీరియడ్ పథకం ఎలా రాయాలో బి.ఇడి.లో మనమంతా నేర్చుకున్నాం. ఏకకేంద్ర పద్ధతి, సర్పిల పద్ధతి, కాలక్రమ పద్ధతి, శీర్షిక పద్ధతి, వీటి లాభనష్టాలు పరీక్షల్లో రాశాం. రాల్ఫ్ టైలర్ 1949లో, బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో వేసిన బాట మీదే మన ఉద్దేశ్యాలు, స్పష్టీకరణలు, భారత్వ పట్టికలు, బ్లూప్రింట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఒకే పుస్తకమా, నాలుగు పుస్తకాలా అన్న వివాదాన్ని కూడా ఇక్కడ సాగదీయను. 1953లో మొదలియార్ కమిషన్ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి ఒకే సోషల్ స్టడీస్ కావాలంది. 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం తరవాత ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిది, పది తరగతులకు వేరువేరు పుస్తకాలు ఇచ్చింది. 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం ఆధారంగా మన ఉమ్మడి రాష్ట్రం ఇతివృత్తాలతో ఒకే పుస్తకం తెచ్చింది. 2024లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆరో తరగతికి మళ్లీ ఒకే పుస్తకం ఇచ్చింది. ఇలా అట్టలు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. వాటి లోపల మాత్రం ఒక పద్ధతి మారలేదు. ముందు అధ్యాయం, చివర ప్రశ్నలు, ఆ తరవాత ఎక్కడో ఓ మూల "ప్రాజెక్టు పని". మూలాధారం ఏదైనా ఉంటే అది బాక్సులో ఉంటుంది. సిలబస్ పూర్తికాని సంవత్సరం మొట్టమొదట వదిలేసేది ఆ బాక్సునే.

నా వాదన ఇది: తొమ్మిది, పది తరగతుల కోర్సును అధ్యాయాల జాబితాతో మొదలుపెట్టకూడదు. ఆధారాలతో మొదలుపెట్టాలి. పిల్లల చేతికి ఏ శాసనం, ఏ ఒప్పందం, ఏ జనగణన పట్టిక, ఏ పటం ఇస్తామో ముందు నిర్ణయించుకుని, వాటిని చదవడానికి ఎంత అవసరమో అంతమేరకు అధ్యాయాలు రాసుకోవాలి.

2

దీనికి ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం "స్థాయి". ఇది మాస్టారు ఒక్కరి మాట కాదు. దీని వెనక ఒక పరిశోధన ఉంది, కాబట్టి దాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి.

1967లో ఇంగ్లండులో రాయ్ హాలమ్ అనే పరిశోధకుడు పియాజే చెప్పిన దశలను చరిత్ర బోధనకు అన్వయించాడు. పిల్లలకు చరిత్ర పేరాలు ఇచ్చి ప్రశ్నలు వేశాడు. పదహారేళ్లు దాటితే తప్ప చరిత్రలో అమూర్తమైన తర్కం సాధ్యం కాదన్నది ఆయన తేల్చిన సంగతి. దాని ప్రభావం చాలా దూరం పోయింది. పద్నాలుగేళ్ల పిల్లలకు కథ చెప్పండి, తేదీలు చెప్పండి, కారణాలు మీరే చెప్పేయండి అనేవాళ్లకు అదొక శాస్త్రీయమైన అండ అయింది.

ఆ పరిశోధనలో రెండు లోపాలున్నాయి. మొదటిది, పిల్లల చేతికి వెళ్లినవి ముడి ఆధారాలు కావు, అప్పటికే ఎవరో తేల్చి రాసిన పేరాలు. ఇంకొకరు తీసిన నిర్ధారణ చదివి జవాబివ్వడం ఒక పని, ఆధారం చూసి తానే నిర్ధారణకు రావడం వేరొక పని. రెండోది, ఎవరూ నేర్పని విద్య పిల్లలకు రాలేదని చూపించి, అది వారికి రాదని తేల్చడం. ఈత నేర్పకుండా చెరువులో దింపి, ఈ వయసుకు ఈత రాదని రాసుకున్నట్టు అది.

ఈ మాట నా ఒక్కడిదే కాదు. మార్టిన్ బూత్ అనే పరిశోధకుడు హాలమ్ పద్ధతినే ప్రశ్నించాడు. చరిత్రలో ఆలోచన గణితంలోలాగా సూత్రం నుంచి జవాబుకు దిగదని, దొరికిన ముక్కలను పోల్చి, కలిపి, ఊహించి ముందుకు సాగుతుందని, కౌమార వయస్కులు ఆ పని చేయగలరని చూపించాడు. 1972లో లీడ్స్‌లో మొదలైన స్కూల్స్ కౌన్సిల్ చరిత్ర ప్రాజెక్టు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకు కోర్సునే తిరగరాసింది. చరిత్ర అంటే ఏమిటన్న ప్రశ్నతో మొదలుపెట్టి, వైద్యం యుగయుగాల్లో ఎలా మారిందో చదివించి, తమ చుట్టుపక్కల ఉన్న చారిత్రక స్థలాన్ని పరిశీలించడాన్ని కోర్సులో భాగం చేసింది. 1980లో డెనిస్ షెమిల్ట్ దాన్ని మూల్యాంకనం చేసి, ఆధారం, కారణం, మార్పు అనే భావనల విషయంలో ఆ పిల్లల అవగాహన మామూలు కోర్సు చదివినవారికంటే మెరుగ్గా ఉందని నివేదించాడు. 1990లలో పీటర్ లీ, రోజలిన్ ఆష్‌బీ, అలారిక్ డికిన్సన్ ఏడు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో, కొందరు చిన్నపిల్లల ఆలోచన వయసులో పెద్దవారి ఆలోచనకంటే పదునుగా కనిపించింది. అంటే స్థాయిని వయసు ఒక్కటే నిర్ణయించదు. నేర్పిన తీరుకూ అందులో వాటా ఉంది.

లీడ్స్ కోర్సు మీద వచ్చిన విమర్శ కూడా నాకు తెలుసు. తరవాతి కాలంలో ఆ మూలాధారాలు రెండు మూడు వాక్యాల తునకలుగా కుంచించుకుపోయాయి. "ఇది నమ్మదగినదా? కాదు, రాసినవాడు పక్షపాతి" అన్న జవాబు సూత్రంలా తయారైంది. ఆ విమర్శ న్యాయమైనదే. దాని నుంచి నేర్చుకోవలసింది ఆధారాలు వద్దని కాదు. తునకలు వద్దు. తీసుకున్న ఆధారం పూర్తిగా ఉండాలి, దాని మీద వారాల తరబడి నిలవాలి.

"అవి ఇంగ్లండు పిల్లల సంగతులు కదా" అంటారు. మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ 1980లలో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో సాంఘికశాస్త్రం ఎలా నేర్పిందో చూడండి. పల్లె పిల్లలకు పుస్తకం తెరిచి పెట్టుకుని రాసే పరీక్ష పెట్టారు. చదివినది అప్పగించడం కాకుండా, చదివి ఆలోచించడం కొలవాలనుకున్నారు. 2002లో ఆ ప్రయోగాన్ని నిలిపివేశారు. దాని అనుభవం మాత్రం పోలేదు. మన 2011 పరిధి పత్రం తరవాత వచ్చిన పుస్తకాల్లో దాని జాడ స్పష్టంగా కనిపిస్తుంది.

అంతదూరం ఎందుకు? మన పిల్లల ఇళ్లలోకే వెళదాం. పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు సరిగా ఉందో లేదో చూసేది ఎవరు? 1-బి, అడంగల్ కాగితాల్లో పేరు తప్పు పడితే తండ్రికి చదివి వినిపించేది ఎవరు? ఉపాధి హామీ జాబ్‌కార్డులో పనిదినాలు లెక్కచూసేది ఎవరు? చాలా ఇళ్లలో తొమ్మిదో తరగతి పిల్లే. కాగితం రాసినవాళ్లెవరు, అందులో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు, దాన్ని ఎలా సరిచూడాలి అన్నవి ఆ పిల్ల ఇంట్లో రోజూ వేసే ప్రశ్నలు. బడికి వచ్చేసరికి ఆమెకు ఆ స్థాయి లేదంటే నేను ఒప్పుకోను.

3

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు శాసనం ఉంది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. వేయించినవాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఆయనకే భవదూరుడని పేరు. సంస్కృత శ్లోకాలు, తెలుగు లిపి. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో సుక్తాంకర్ దాన్ని పరిష్కరించి ప్రకటించాడు.

మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, రాకూడని ఆరు దోషాలను ఆ శాసనం వరసగా చెబుతుంది. గట్టి బంకనేల, తీపినీటి నది, చెరువును ఆనుకున్న కొండ, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, నిడుపైన రాళ్లు దొరికే గని, పక్కనే సమతలమైన సారవంతమైన పొలాలు. ఇవన్నీ భూగోళం. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, కట్టడంలో ఆరితేరిన పనివాళ్లు, ధర్మమూ ధనమూ ఉన్న రాజు. ఇది సమాజం, అధికారం. ఇక దోషాలు: కట్టలోంచి నీరు కారడం, చవిటి నేల, చెరువు మధ్య మెట్ట, నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. వీటిలో రెండు నేరుగా అర్థశాస్త్రం: ఉన్నదెంత, కావలసిందెంత, పంచేదెలా.

ఆ ఆరింటిలో నేను పైన వదిలిన మూడో దోషం ఒక్కటే తీసుకున్నా వారం రోజుల పాఠం అవుతుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు. ఎందుకు ఉండకూడదని తరగతిని అడగండి. తూము ఎవరు తెరుస్తారు, గండి పడితే ఖర్చెవరు పెట్టుకుంటారు, యుద్ధం వస్తే కట్ట ఎవరు తెగ్గొడతారు అన్న జవాబులు పిల్లల నుంచే వస్తాయి. అక్కడి నుంచి తుంగభద్ర బోర్డుకు, 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్‌కు, 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు, నేడు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఉన్న కృష్ణా జలాల పేచీకి దారి తిన్నగా ఉంది. 1369 నాటి శిల్పులకు తెలిసిన చిక్కు ఇప్పటికీ మన ముందే ఉందని పిల్లలు తామే కనుక్కుంటారు.

శాసనం చెప్పనిదీ అడగాలి. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని ఉంది. కూలి ఎంత, ఎలా ఇచ్చారు? రాజవంశాన్ని శ్లోకాల్లో పొగిడారు, మరి మట్టి మోసినవారి ఒక్క పేరైనా ఉందా? చెరువు కట్టించినవాడే వేయించిన శాసనాన్ని ఎంతవరకు నమ్మాలి, దేనితో సరిచూడాలి? 2011 జనగణన జిల్లా గ్రంథంలోని గ్రామ వివరాలు పక్కన పెడితే, ఈ ప్రాంతంలో ఇప్పుడు చెరువు కింద ఎంత నేల పారుతోంది, బావుల కింద ఎంత అని పోల్చవచ్చు.

నాలుగు శాస్త్రాలను కలపాలా విడదీయాలా అని కమిటీలు ఏళ్ల తరబడి చర్చించాయి. ఈ రాయి మీద అవి కలిసే ఉన్నాయి. ఏ శాస్త్రం ఏ ప్రశ్న వేస్తుందో పిల్లలకు విడదీసి చూపితే చాలు, అది ఉపాధ్యాయుడి పని.

4

ఇక పరీక్ష. 2014-15 తరవాత పదో తరగతి ప్రశ్నపత్రంలో పేరా ఇచ్చి వ్యాఖ్యానించమనే ప్రశ్న వచ్చింది. ఉద్దేశం మంచిదే. అయితే పేరాలు పాఠ్యపుస్తకంలోనివే అయినంతకాలం వాటి జవాబులు గైడ్లలో సిద్ధంగా ఉంటాయి, పిల్లలు కంఠస్థం చేస్తారు. ప్రీ ఫైనల్, గ్రాండ్ టెస్టుల ఒత్తిడిలో ఉన్న ఉపాధ్యాయుణ్ణి నేను తప్పుపట్టను. పరీక్ష అడగనిదాన్ని బడి ఎక్కువకాలం మోయలేదు. కాబట్టి ప్రణాళిక రాసేటప్పుడే చివరి ప్రశ్న కూడా రాయాలి. పిల్లలు అంతకుముందు చూడని ఒక ఆధారం, దానిమీద నాలుగు ప్రశ్నలు. లీడ్స్ ప్రాజెక్టు అదే చేసింది.

"దీనికి ఆధారాలు ఎక్కడివి? ఉపాధ్యాయుడికి సంస్కృత శాసనం చదవడం వచ్చా?" అంటారు. ఈ ప్రశ్నకు జవాబుగానే నేనూ, కొందరు మిత్రులూ ఇప్పుడు పని చేస్తున్నాం. రాయలసీమ జిల్లాలకు ఆధార సంపుటాలు తయారుచేస్తున్నాం. ఒక్కో సంపుటంలో కొద్ది ఆధారాలే ఉంటాయి. ప్రతిదానికీ మూలం ఫోటో, సరళమైన తెలుగు, కఠినపదాలకు అర్థాలు, ఉపాధ్యాయుడికి నేపథ్యం, సులువు నుంచి కష్టానికి నడిచే ప్రశ్నలు, చివర పిల్లలు చూడని మరో ఆధారం. పోరుమామిళ్ల శాసనం అందులో మొదటిది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం రెండోది. నీళ్లు, విశ్వవిద్యాలయం, రాజధాని, హైకోర్టు, శాసనసభలో స్థానాలు అన్నీ ఆ చిన్న పత్రంలో ఉన్నాయి. దాని పక్కనే 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం పెడుతున్నాం. ఒక ప్రాంతం ఇంకో ప్రాంతాన్ని నమ్మడానికి ఏమేం రాయించుకుంటుందో, రాసినదానిలో ఎంత అమలైందో రెండు పత్రాలూ కలిపి చదివితే తెలుస్తుంది. ఈ ఒక్క జతతో సమాఖ్య వ్యవస్థ, ప్రాంతీయ అసమానత, ఉద్యమాలు అన్న మూడు అధ్యాయాల పని జరుగుతుంది. తెలంగాణ మిత్రులు తమ జిల్లాలకు ఇదే పని తలపెడితే మా నమూనాలు సంతోషంగా పంచుకుంటాం.

విద్యాశాఖను నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. వచ్చే ప్రణాళికలో తొమ్మిదో తరగతికి ఏడాదిలో నాలుగు ఆధారాలు నిర్ణయించండి. ప్రతిదానికీ మూడు వారాలు కేటాయించండి, ఆ మేరకు అధ్యాయాలు తగ్గించండి. పదో తరగతి ప్రశ్నపత్రంలో పాఠ్యపుస్తకంలో లేని ఆధారం మీద తప్పనిసరి ప్రశ్న ఒకటి పెట్టండి. ఉపాధ్యాయ మిత్రులను కోరేది ఇంకా చిన్నది. వచ్చే జూన్‌లో వార్షిక పథకం రాసేటప్పుడు మొదటి గడిలో పాఠం పేరుకు బదులు ఒక ఆధారం పేరు రాయండి. అది మీ ఊరి చెరువు శాసనం కావచ్చు, గ్రామ రిజిస్టరు కావచ్చు. దానితో తరగతి ఏం చేసిందో మాకు రాసి పంపండి. మా సంపుటాల్లోని ప్రశ్నలను మీ రాతలను బట్టే దిద్దుతాం. పిల్లల స్థాయి ఎంతో ఆ రాతలు చూసి తేల్చుకుందాం.