మద్దెలచెరువు సూరి

మూడు వైపులా ఆంధ్ర చుట్టుకున్న మన పావగడకు అనంతపురం ఫ్యాక్షన్ కథలు కొత్తకాదు. ఆ కథల్లో ఒకటి గంగుల సూర్యనారాయణరెడ్డిది. మద్దెలచెరువు సూరి అంటే అందరికీ తెలుసు.

1990ల్లో టీవీలో అమర్చిన బాంబు అతని కుటుంబసభ్యులను బలితీసుకుంది. 1997 నవంబరు 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో అతని ప్రత్యర్థి పరిటాల రవి లక్ష్యంగా కారు బాంబు పేలింది. రవి బతికారు, 26 మంది చనిపోయారు. ఆ కేసులో సూరికి యావజ్జీవం పడింది.

2005 జనవరి 24న అనంతపురంలో రవి హత్య జరిగింది. జైలు నుంచి బయటికొచ్చిన సూరిని 2011 జనవరి 3న హైదరాబాద్‌లో, కారులోనే కాల్చి చంపారు. కాల్చింది ప్రత్యర్థి కాదు, నమ్మిన అనుచరుడు భానుకిరణ్. 2018లో కోర్టు అతనికీ యావజ్జీవమే వేసింది. పగ రెండు ఇళ్లతో ఆగలేదు. దారిన పోయేవాళ్లనూ మింగింది.