రవీంద్రభారతిలో సురభి నాటకం
(హన్మకొండలో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



మన సంఘ సభ్యులం పదకొండు మందిమి కుటుంబాలతో సహా హైదరాబాదు వెళ్లి, రవీంద్రభారతిలో సురభివారి ‘మాయాబజార్’ చూసి వచ్చాము. ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. క్లుప్తంగా చెప్పి, చివర ఒక మనవి చేస్తాను.

1961లో రవీంద్రనాథ్ ఠాగూరు శతజయంతి సందర్భంగా వెలిసిన కళామందిరం రవీంద్రభారతి. పెన్షను కాగితాల కోసం సైఫాబాదులోని ఏజీ ఆఫీసుకు తిరిగిన మనందరికీ ఆ దారి తెలిసినదే. అయితే మా పదకొండు మందిలో టికెట్టు కొని లోపలికి వెళ్లి నాటకం చూసినవారు అంతకు ముందు ముగ్గురే!

సురభి చరిత్ర మీలో చాలామందికి తెలుసు. తోలుబొమ్మలాట ఆడే వంశంవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా ‘కీచక వధ’ ఆడారు. దానితో మొదలైంది ఈ నాటక సమాజం. వనారస గోవిందరావుగారు దీనికి మూలపురుషులు. ఆడవేషాలు మగవారే కట్టే రోజుల్లో, సురభిలో ఇంటి ఆడపడుచులే రంగస్థలం ఎక్కారు. తాత, కొడుకు, కోడలు, మనుమరాలు అందరూ ఒకే నాటకంలో వేషాలు కడతారు. మనం ఉద్యోగం చేసి రిటైరైనాము. వారికి రిటైర్మెంటు లేదు, పెన్షనూ లేదు. ప్రేక్షకుడు కొన్న టికెట్టే వారికి జీతం.

ఇక నాటకం. రంగుల తెరలు చకచకా మారిపోతాయి. నారదులవారు మబ్బుల్లోంచి దిగుతారు. బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుతాయి. ఘటోత్కచుని నోటిలోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళతాయి. అంతా తీగలు, కప్పీలు, మనుషుల చేతివాటం. మాతో వచ్చిన ఒక మనుమడు ఆ తీగ ఎక్కడ కట్టారో కనిపెట్టాలని నాటకమంతా ముందుకు వంగే కూర్చున్నాడు.

మరొక్క సంగతి. భార్యావియోగం తరువాత రెండేళ్లుగా గడప దాటని మన సభ్యులొకరిని బలవంతాన తీసుకువెళ్లాము. లడ్డూల సన్నివేశంలో ఆయన పకపకా నవ్వారు. తిరుగు ప్రయాణంలో చిన్ననాడు చూసిన నాటకాల పద్యాలు ఒక్కొక్కటే అందుకున్నారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను. డాక్టరు ఇచ్చే మాత్రలతో కాని పని ఆ మూడు గంటల్లో అయింది.

కళకు మన ఓరుగల్లు కొత్త కాదు. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్‌గారు 1971లో ఐక్యరాజ్య సమితిలో ధ్వన్యనుకరణ వినిపించి వచ్చారు. మన కాళోజీ పేరిట 2014లో శంకుస్థాపన జరిగిన కళాక్షేత్రం 2024 నవంబరులో బాలసముద్రంలో ప్రారంభమైంది. 2020లో వృద్ధులకు రైలు రాయితీ నిలిపివేసినప్పటి నుంచి హైదరాబాదు ప్రయాణం బరువైంది. మన ముంగిట్లోనే మందిరం ఉండగా ఇంకేమి కావాలి? కావలసింది ప్రేక్షకులే. కుర్చీలు ఖాళీగా ఉంటే ఎంత పెద్ద మందిరమైనా గోదాముతో సమానం.

కాబట్టి నా మనవి. మూడు నెలలకొకసారి సంఘం తరఫున ఒక నాటకానికి వెళదాము. పాసులు అడగవద్దు, టికెట్టు కొందాము. ఒంటరిగా ఉన్న ప్రతి సభ్యుని వెంట మరొక సభ్యుడు ఇంటి నుంచి ఇంటి దాకా తోడుండాలి. మోకాళ్ల నొప్పులవారికి ద్వారం దగ్గరి వరుసలు ముందే అడిగి ఉంచాలి. ప్రతి కుటుంబం ఒక్క పిల్లవాడినైనా, పిల్లనైనా వెంట తేవాలి. మన తరువాత ఆ కుర్చీల్లో కూర్చోవలసినది వారే కదా!

కార్యవర్గం దీనిని తీర్మానంగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.