రికార్డు రెండవ ప్రక్క

గ్రామఫోను రికార్డునకు రెండు ప్రక్కలుండునని అందరెరిగినదే. మన ఇండ్లలో నాటక పద్యముల రికార్డులు మ్రోగిన దినములలో ఒక్కొక్కప్పుడు పద్యము ఒక ప్రక్కను, దాని జవాబు రెండవ ప్రక్కను ఉండెడివి. ప్లేటు త్రిప్పనిదే కథ నడువదు. ఇంగ్లండులోను అమెరికాలోను 1949 తరువాత వ్యాపించిన ఏడంగుళముల చిన్న రికార్డు మర్యాద వేరు. దానికి ప్రక్కకొక పాట. కంపెనీవారు దేనిపై ఆశ పెట్టుకొందురో అది మొదటి ప్రక్కకు ఎక్కును. రేడియోలో మ్రోగునది, పత్రికలలో పేరు వచ్చునది అదియే. రెండవ ప్రక్క పాట బేరములో కొసరు వంటిది; కొన్నవాడు కోరకయే వచ్చును, చాలమంది వినకయే విడుతురు. అయినను ఒక విశేషము కలదు. రికార్డు అమ్ముడుపోయినపుడు రెండు పాటల రచయితలకును సమానముగా సొమ్ము ముట్టును. కావున ఆ కొసరు స్థలము కొరకు బృందముల లోపల పోటీ ఉండెడిది.

అట్టి కొసరు పాట ఒకదానిని గూర్చి చెప్పుటకే ఈ ప్రసంగము. దాని పేరు 'ది ఇన్నర్ లైట్'. మన భాషలో 'అంతర్జ్యోతి' అనవచ్చును. పాడినవారు బీటిల్స్. లివర్‌పూల్ పట్టణమునుండి వచ్చిన ఈ నలుగురు యువకుల పేరు 1960 తరువాతి దశకమున వినని దేశము లేదు. వారి పాటలలో అధిక భాగము జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ అను ఇరువురు కట్టినవి. నలుగురిలో చిన్నవాడైన జార్జ్ హారిసన్ కూడ పాటలు కట్టుచుండెను గాని, ఇంగ్లండులో వెలువడిన వారి చిన్న రికార్డులపై 1968 వరకు అతని రచన ఒక్కటియు ఎక్కలేదు. ఆ సంవత్సరము మార్చి 15వ తేదీన 'లేడీ మడోనా' అను పాటకు వెనుక ప్రక్కగా వెలువడిన ఈ పాటయే మొదటిది.

దీని పుట్టుక విచిత్రమైనది. 1967 శరత్కాలమున లెనన్, హారిసన్‌లు లండన్ టెలివిజనులో ధ్యానమును గూర్చి ముచ్చటించిరి. ఆ గోష్ఠిలో పాల్గొన్నవారిలో హువాన్ మాస్కారో అను పండితుడొకడు. ఇతడు స్పెయిన్ దేశమునకు చెందిన మయోర్కా ద్వీపమున జన్మించి, కేంబ్రిడ్జిలో సంస్కృతము చెప్పినవాడు. భగవద్గీతను, ఉపనిషత్తులలో కొన్నిటిని ఇంగ్లీషులోనికి తెచ్చినవాడు. ఆయన తాను కూర్చిన గ్రంథమొకటి హారిసన్‌కు పంపి, అందులోని ప్రాచీన చైనా తాత్త్వికుడు లావోత్సు వాక్యములకు బాణీ కట్టరాదా అని ఉత్తరము వ్రాసెను. ఇల్లు కదలకయే జగత్తు నెరుగవచ్చుననియు, తిరిగినకొలది తెలివి తరుగుననియు ఆ వాక్యముల భావము. హారిసన్ ఆ మాటలను ఇంచుమించు ఉన్నవున్నట్లు స్వీకరించెను. మొదట 'నేను' అని పాడిన దానినే పిదప 'నీవు' అని మార్చి పాడుట మాత్రము అతని చేర్పు. సాహిత్యమున రచయిత పాలు స్వల్పమే కదా అని ఆక్షేపించువారు కలరు. తగిన మాటలు దొరికినపుడు వాటిని చెరుపకుండుట కూడ ఒక నేర్పేయని నా అభిప్రాయము. త్యాగరాజస్వామివలె మాట, ధాతువు రెండును తానే కూర్చువారు ఏ దేశముననైనను అరుదు.

ఇక బాణీ. 1968 జనవరిలో హారిసన్ 'వండర్‌వాల్' అను చలనచిత్రమునకు సంగీతము సిద్ధపరచుటకై బొంబాయి వచ్చి, అచ్చటి హెచ్.ఎం.వి. స్టూడియోలో మన వాద్యకారులతో కొన్ని దినములు పనిచేసెను. ఆ పనిలో పనిగా ఈ పాటకు వలయు వాద్యసంగీతమును గూడ రికార్డు చేయించుకొనెను. ఆ గదిలోనికి బయటి చప్పుడు రాకుండ కట్టుదిట్టము చాలదు. సాయంకాలము ఐదున్నరకు పై ఆఫీసులు విడిచి గుమాస్తాలు మెట్లు దిగు అలికిడి వినవచ్చుటచే పని ఆపవలసివచ్చెడిదని అతడే తరువాత చెప్పెను. ఇల్లు కదలనక్కరలేదని చెప్పు పాట కొరకు ఇన్ని వేల మైళ్లు వచ్చి, ఇండ్లకు పోవువారి అడుగుల చప్పుడునకు ఆగవలసివచ్చుట చూడుడు!

సరోద్ వాయించినది ఆశిష్ ఖాన్. ఆచార్య అల్లాఉద్దీన్ ఖాన్ మనుమడు, అలీ అక్బర్ ఖాన్ కుమారుడు. వేణువు హరిప్రసాద్ చౌరాసియా. ఈయన 1957లో కటక్ ఆకాశవాణి కేంద్రమున చేరి, పిదప బొంబాయి కేంద్రమునకు వచ్చినవాడు. కావున రేడియో శ్రోతలకు పరాయివాడు కాడు. షెహనాయి హనుమాన్ జాదేవ్, తాళవాద్యము మహాపురుష మిశ్ర. మన నాటకములవారికి పరిచయము చేయనక్కరలేని హార్మోనియము కూడ ఇందు కలదు. గిటారు లేదు, పాశ్చాత్యుల డ్రమ్ము లేదు. బీటిల్స్ పేర వెలువడిన ఈ పాటలో బీటిల్స్ చేతి వాద్యమొక్కటియు వినరాదు.

రెండున్నర నిమిషములకు మించి కొలది క్షణముల పాట. గొంతు లేనిచోట సరోద్, షెహనాయిలు వడివడిగా ముందుకు ఉరుకును. చరణము వచ్చుసరికి ఆ హడావిడి అణగి, వేణువును హార్మోనియమును గొంతు వెంట మెల్లగా నడచును. మరల ఉరుకు, మరల నిలుకడ. లోకమున తిరుగుటయు, ఇంట నిలుచుటయు అను రెండు స్థితులు మాటల సహాయము లేకయే చెవికి తెలియును. ఇది హిందుస్తానీ సంగీతమా అని అడిగినచో కాదనియే చెప్పవలెను. ఆలాపన లేదు, రాగవిస్తారము లేదు. మన ఆకాశవాణివారి లలిత సంగీతమునకు దగ్గర చుట్టమని చెప్పిన ఎక్కువ సరిపోవును. 1965లో ఇదే బృందమువారి 'నార్వీజియన్ వుడ్' అను పాటలో హారిసన్ సితారు పట్టినపుడు అది గిటారు చేయదగిన పనినే చేసెను. క్రొత్త నగ పెట్టుకొన్నట్లుండెను. ఇచ్చట వాద్యములు నగలు కావు, శరీరమే అవి.

ఆ టేపు లండన్ చేరినది. ఫిబ్రవరి 6వ తేదీన హారిసన్ పాడవలసియుండగా, తన గొంతు ఆ స్థాయికి అందదేమోయని జంకెననియు, లెనన్, మెకార్ట్నీలు ధైర్యము చెప్పి పాడించిరనియు అందురు. ఎనిమిదవ తేదీన ఆ ఇరువురును చివరి మాటలకు గొంతు కలిపిరి. రికార్డు అంగళ్లకు వచ్చునాటికి హారిసన్ హృషీకేశమున ఉండెను.

'లేడీ మడోనా' ఇంగ్లండులో ప్రథమ స్థానమునకు చేరెను. వెనుక ప్రక్క పాట అమెరికా పట్టికలో 96వ స్థానముతో సరిపెట్టుకొనెను. పిదప పదేండ్లవరకు ఏ పెద్ద రికార్డులోను చేరలేదు. దానికంటె నాకు కష్టముగా తోచునది వేరొకటి. 1966లో ఈ బృందమువారి పెద్ద రికార్డు అట్టపై తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు ముద్రించిరి. ఈ చిన్న రికార్డు చీటీపై మాత్రము బొంబాయి వాద్యకారులలో ఒక్కరి పేరును లేదు. చౌరాసియాకు 2000లో పద్మవిభూషణము వచ్చినది. ఆయనకు ఆ చీటీతో పనిలేదు. తక్కినవారి సంగతి అట్లు కాదు. వారి వాద్యము లక్షల ఇండ్లకు పోయినది, పేరు పోలేదు.

హారిసన్ 2001 నవంబరు 29న మరణించెను. సరిగా ఏడాదికి లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగిన సంస్మరణ సభలో జెఫ్ లిన్ ఈ పాటను పాడగా, రవిశంకర్ కుమార్తె అనౌష్క సితారు వాయించెను. 2014లో 'వండర్‌వాల్' సంగీతమును మరల ప్రకటించినపుడు దీని వేరొక ప్రతిని అందు చేర్చిరి. దానిలో గొంతు లేదు. బొంబాయి గదిలోని వాద్యములు మాత్రమే.