మేకు లేని పీపా
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాస్టార్ల ఎదుట విస్కీ మాట ఎత్తడం ఇబ్బందే. పైగా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారో తెలిసిన వాళ్లం. కాబట్టి సీసాను పక్కన పెట్టి పీపా సంగతే చెబుతాను.

అమెరికాలోని కెంటకీకి వెళ్లినప్పుడు ఒక బర్బన్ డిస్టిలరీ, లెబనాన్ అనే ఊళ్లో పీపాలు చేసే కర్మాగారం చూశాను. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రెండోదే.

బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. కాచి దింపినప్పుడు దానికి రంగే ఉండదు. ఆ తేనెరంగంతా పీపాదే, రుచిలోనూ చాలా భాగం దానిదే. లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే నిల్వ చేయాలని అక్కడి చట్టం. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. చాలావరకు స్కాట్లాండుకు వెళ్లిపోతాయి.

పీపాకు దాదాపు 200 లీటర్లు పడుతుంది. ముప్పై చిల్లర చెక్కలు. ఒక్క మేకు లేదు, జిగురు లేదు. ఎర్ర ఓక్ ముక్క ఒక కొసను నీళ్లలో పెట్టి రెండో కొస నుంచి ఊదితే బుడగలొస్తాయి. తెల్ల ఓక్‌లో ఆ నాళాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి, అందుకే అది కారదు. ముషీరాబాద్ బడికి భోయిగూడ కలప డిపోల మీదుగా నడిచొచ్చిన వాళ్లకు రంపపు పొట్టు వాసన కొత్త కాదు గానీ, ఇక్కడ చెక్కలను నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేస్తారు. ప్రతి చెక్కా నడుమ వెడల్పు, కొసలు సన్నం. ఏ చెక్క పక్కన ఏది కుదురుతుందో ఏరి గుండ్రంగా నిలబెట్టేది మాత్రం మనిషి చెయ్యే. తర్వాత ఆవిరి పట్టి వంచి, ఇనుప పట్టీలు వేసి, లోపల మంట పెడతారు. నిమిషం లోపే లోపలి గోడ మొసలి చర్మంలా పగులుతుంది. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. ఐస్‌క్రీం వాసన అదే. ఈ రసాయనం తార్నాక ఐఐసీటీలో పనిచేసిన మన మిత్రులు నాకంటే బాగా చెబుతారు.

అక్కడ నిలబడితే నాకు మన ఎడ్లబండి చక్రం గుర్తొచ్చింది. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే అది కుంచించుకుపోయి బిగుస్తుంది. పీపా పట్టీని అలా కాల్చరు. ఉబ్బిన నడుము వైపు సుత్తితో దించుతారు, దిగిన కొద్దీ బిగుస్తుంది. ఉపాయాలు రెండు, పని ఒకటే. అయితే కెంటకీలో ఆ పని చూడటానికి జనం వరసలో నిలబడతారు. మన వడ్రంగి, కమ్మరి కలిసి చక్రం బిగిస్తుంటే చూసిన వాళ్లు ఈ హాల్లో ఎందరున్నారు?

లోహాల వ్యాకోచం మాకు గోళం, రింగు చూపించి చెప్పారు. బాగానే అర్థమైంది. దానికి తోడు నాదొక ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధిలోంచి ఏటా కొంత తీసి, ఒక వడ్రంగినీ ఒక కమ్మరినీ గౌరవంగా పిలిచి, తగిన కూలి ఇచ్చి, బడి ఆవరణలోనే ఒక చక్రానికి పట్టా వేయిద్దాం. నీళ్లు మాత్రం పిల్లలే పోయాలి. మొదటి ఏడాది ఖర్చు నాది. ఆ పని తెలిసినవాళ్లు వయసు మళ్లినవాళ్లు. వజ్రోత్సవం దాకా ఆగకుండా ఈ డిసెంబరులోనే పిలుద్దాం.