చూరు కింద కందిరీగలు

(మహిళా సంఘం సమావేశంలో ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్లారా!

ఈ రోజు కందిరీగల గురించి మాట్లాడుకుందాం. "వాటి గురించి చెప్పేదేముంది?" అని నవ్వుతున్నారా? ముందు నాకు జరిగింది వినండి.

అప్పుడు నా కొడుక్కి ఆరేళ్లు. మా గొడ్లచావిడి చూరుకు కందిరీగలు గూడు పెట్టాయి. నేను కర్రకు పాతగుడ్డ చుట్టాను. కిరసనాయిలు పోసి అంటించాను. గూటి కింద పెట్టాను. గూడు కాలింది. చూరులో గడ్డి కూడా అంటుకుంది. నీళ్ల కోసం నేను పరిగెత్తాను. లేచిన కందిరీగలు వాకిట్లో ఆడుకునే పిల్లవాడి మీద పడ్డాయి.

కాసేపటికి వాడి ఒంటినిండా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. ఊపిరి ఆడలేదు. ఒకరు సున్నం రాయమన్నారు. ఒకరు మంత్రం వేయించమన్నారు. మా అత్తమ్మ మాత్రం "ముందు ఆస్పత్రికి పదండి" అంది. అప్పటికి 108 బండ్లు లేవు. ఆటోలో తీసుకుపోయాం. డాక్టరుగారు చూడగానే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. బిడ్డ దక్కాడు.

తప్పు కందిరీగలది కాదు. నా తొందరది. అందుకే చెబుతున్నాను. గూడు కనబడగానే కర్ర తీయకండి. ముందు అది ఏ గూడో చూడండి.

గోడ మూలల్లో మట్టిగూడు చూశారా? దాన్ని ఒక్క ఈగే కడుతుంది. గొంగళి పురుగునో, సాలీడునో కుట్టి కదలకుండా చేస్తుంది. గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి, మూత వేస్తుంది. ఈగ ఝుమ్మని తిరిగి ఆ పురుగును తనలాగా మార్చేస్తుందని పెద్దలు చెబుతారు. అసలు సంగతి అది కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక బయటికొస్తుంది. ఈ ఈగ జోలికి పోకపోతే మనల్ని కుట్టదు. దాన్ని వదిలేయండి.

రెండోది కాగితం లాంటి గూడు. కందిరీగలు చెక్కను గీరి, నమిలి దీన్ని కడతాయి. ఇందులో చాలా ఈగలుంటాయి. గూడు కదిలితే అన్నీ లేస్తాయి. తేనెటీగ కుడితే ముల్లు మన ఒంట్లో ఉండిపోతుంది. కందిరీగ ముల్లు ఊడదు. ఒక్క ఈగే మళ్లీ మళ్లీ కుట్టగలదు.

అయితే కందిరీగలు పైరు మీది పురుగుల్ని కూడా తింటాయి. మనుషులు తిరగని చోట గూడుంటే ఉండనివ్వండి. గుమ్మం దగ్గర, కుళాయి దగ్గర, పిల్లలు ఆడే చోట ఉంటే మాత్రం తీయించాలి. మీరే తీయకండి. అలవాటున్న మనిషిని పిలవండి. తెలియకపోతే పంచాయతీలో అడగండి. ఆ మనిషి వచ్చేదాకా పిల్లల్ని అటు పోనివ్వకండి. గొడ్లను వేరే చోట కట్టేయండి. కట్టేసిన గొడ్డు పారిపోలేదు కదా!

రాయి వేయొద్దు. నిప్పు పెట్టొద్దు. కిరసనాయిలు, పెట్రోలు పోయొద్దు. గోడ కన్నంలో గూడుంటే ఆ కన్నం మూయొద్దు. ఈగలు ఇంకో దారి వెతుక్కుని ఇంట్లోకి వస్తాయి.

గూడు పెద్దదయ్యేదాకా ఎందుకు ఆగాలి? వారానికోసారి చూరు కింద చూడండి. మొదట్లో గూడు రూపాయి బిళ్లంత ఉంటుంది. చాలాసార్లు ఒక్క ఈగే ఉంటుంది. అది మేతకు పోయినప్పుడు పొడుగాటి గడతో గూడు రాలగొట్టొచ్చు. మళ్లీ కడితే మళ్లీ తీయండి.

ఈగలు మీద పడితే ఏం చేయాలి? చేతులు విసరొద్దు. కొంగుతో ముఖం కప్పుకుని వెంటనే అక్కడినుంచి వెళ్లిపోండి. ఇంట్లోకి పోయి తలుపు వేయండి. కుట్టిన చోట సబ్బుతో కడగండి. చల్లని తడిగుడ్డ వేయండి. చేతికి కుడితే గాజులు, ఉంగరం తీసేయండి. కాలి వేలికి కుడితే మెట్టెలు తీసేయండి. వాచాక అవి రావు. మెట్టెలు తీయకూడదు అంటారా? వేలు బాగుంటే రేపు మళ్లీ పెట్టుకోవచ్చు. సున్నం, మట్టి, పేడ రాయొద్దు.

చాలామందికి నొప్పి, వాపు వచ్చి తగ్గిపోతాయి. కొందరికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఈ గుర్తులు మరిచిపోకండి:

ఒంటినిండా దద్దుర్లు.
పెదవులు, నాలుక ఉబ్బడం.
ఊపిరి ఆడకపోవడం.
కళ్లు తిరగడం, వాంతులు.

వీటిలో ఏది కనబడినా 108కి ఫోను చేయండి. నోట్లో, గొంతులో కుట్టినా చేయండి. మనిషిని నడిపించొద్దు. కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసపడితే కూర్చోబెట్టండి. చాలా ఈగలు కుడితే, మనిషి బాగున్నట్టు కనబడినా ఆస్పత్రిలో చూపించాలి. ఆ విషం మూత్రపిండాలను చెడగొట్టవచ్చు. మూత్రం ఎర్రగా, నల్లగా వచ్చినా, తగ్గిపోయినా అసలు ఆలస్యం చేయొద్దు.

108 బండి 2005 నుంచి నడుస్తోంది. ఆంధ్రలోనూ ఉంది, తెలంగాణలోనూ ఉంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

చివరిగా ఒక మాట. మీరు అక్షరాలు నేర్చుకున్నారు. అంకెలు నేర్చుకున్నారు. ఈ రోజు ఇంటికి పోయి తలుపు వెనక సుద్దముక్కతో 108 అని పెద్దగా రాయండి. దాని కింద ఆ నాలుగు గుర్తులూ రాయండి. చదువురాని అత్తమ్మకు, పక్కింటి వదినకు చదివి వినిపించండి.

రాశాక, బయటికొచ్చి ఒక్కసారి చూరు కింద చూడండి.